ఇంటి చుట్టూ కాలువ తవ్వే ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు జూన్ వానలకు ముందే ఈ పని తెమల్చుకోవాలి. అక్టోబరు తుపాన్లూ తక్కువేం కాదు, 2018లో తిత్లీని చూశాం కదా.

• ముందు గోడ పక్కన ఒక బకెట్ నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూడండి. గోడ దగ్గరే నిలిస్తే మట్టి వేసి ఎత్తు చేయాలి. గోడ నుంచి 10 అడుగుల దూరానికి 6 అంగుళాల వాలు ఉండాలి. ఆ మట్టి పునాది అంచు దాటి గోడకు తగిలితే చెమ్మ పైకెక్కుతుంది.

• వాలు విషయంలో కంటిచూపును నమ్మొద్దు. మేస్త్రీలు మట్టం చూడ్డానికి వాడే సన్నని పారదర్శక పైపులో (లెవెల్ ట్యూబు) నీళ్లు నింపి చూడండి, రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. లోపల గాలి బుడగ ఉంటే లెక్క తప్పుతుంది. నేను ఒకసారి అలాగే బోల్తా పడ్డాను, నీళ్లన్నీ వంటింటి గోడకే వచ్చి చేరాయి.

• గోడను ఆనుకుని పునాది కంటే లోతుగా తవ్వొద్దు.

• మోటారు వైరు, కుళాయి పైపు ఎటు పోతున్నాయో కనుక్కుని, మెయిన్ ఆపాకే పలుగు దించండి.

• రాళ్ల కుప్పను కర్రతో కదపండి. పాములుంటాయి.

• నీళ్లు బావి వైపు గానీ, సెప్టిక్ ట్యాంకు వైపు గానీ వదలొద్దు. పక్కింటి వైపు పోయేలా ఉంటే ముందే మాట్లాడుకోండి, వచ్చీరాని ఒడియా అయినా సరే.