పుట్టగానే ఏడవని బిడ్డల మెదడుపై అధ్యయనం: బృందాన్ని ఎలా కూర్చుకోవాలి

కాన్పు సమయంలో ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిన్న శిశువులపై తమ ఆసుపత్రిలో అధ్యయనం మొదలుపెట్టాలనుకునే వైద్యులు చాలాసార్లు యంత్రాల జాబితాతో మొదలుపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసింది, ఫలితాన్ని ఏ వయసులో, ఏ కొలతతో చూస్తామన్న విషయం. డిశ్చార్జి నాడు చక్కగా పాలు తాగుతున్న బిడ్డ రెండేళ్లు వచ్చినా నిలబడలేకపోవచ్చు. వారం పాటు ఫిట్స్‌తో బాధపడిన బిడ్డ హాయిగా పరుగెత్తవచ్చు. అందువల్ల 18 నుంచి 24 నెలల వయసులో చేసే ఎదుగుదల పరీక్షను గమ్యంగా పెట్టుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ రావాలి. బృందంలో మొదట నియమించుకోవలసినది కూడా ఆ వయసు దాకా ప్రతి కుటుంబాన్నీ కనిపెట్టుకుని ఉండే సమన్వయకర్తనే అని నా నిశ్చితాభిప్రాయం.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ రంగంలో అరువు తెచ్చుకున్న నమ్మకాలకు మన బిడ్డలే మూల్యం చెల్లించే ప్రమాదం ఉంది. పుట్టిన ఆరు గంటలలోపు మొదలుపెట్టి శరీర ఉష్ణోగ్రతను 33.5 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గించి 72 గంటలు ఉంచే శీతల చికిత్స సంపన్న దేశాలలో మేలు చేసింది. అదే చికిత్సను భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది శిశువులపై పరీక్షించిన హెలిక్స్ ట్రయల్ ఫలితాలు 2021లో వెలువడ్డాయి. మరణాన్నీ వైకల్యాన్నీ కలిపి చూస్తే చికిత్స వల్ల తగ్గుదల కనిపించలేదు. పైగా చికిత్స పొందినవారిలో 42 శాతం మంది, పొందనివారిలో 31 శాతం మంది మరణించారు. ఇక్కడి బిడ్డలలో దెబ్బ పురిటి ఘడియకు చాలా ముందే, గర్భంలోనే మొదలై ఉండవచ్చన్నది దీనికి చెప్పే వివరణలలో ఒకటి.

ఆ వివరణను పరిశీలించాలంటే ప్రసూతి విభాగం మొదటి సమావేశం నుంచే సమాన భాగస్వామిగా ఉండాలి. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, ఉమ్మనీరు పచ్చగా ఉందా, శిశువు గుండె వేగం ఎప్పుడు తగ్గింది, ఏ ఆసుపత్రి నుంచి ఎన్ని గంటలకు పంపారు అన్న వివరాలు కేస్ షీటులో లేకపోతే ఆ తరువాత ఏ స్కానూ వాటిని తెచ్చిపెట్టలేదు. ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోనే బ్యాగ్ మాస్కుతో శ్వాస అందించడం మొదలుపెట్టాలి కనుక, ఆ పనిలో ఉన్న సిస్టర్‌నే సమయం రాయమనడం అన్యాయం. గోడ గడియారం చూసి శ్వాస ఎప్పుడు మొదలైందో, పుట్టగానే బిడ్డ స్థితికి వేసే ఎప్గార్ స్కోరు ఎంతో పైకి చెబుతూ రాసే మరొకరిని ప్రతి షిఫ్టులోనూ ముందుగానే కేటాయించండి.

నవజాత శిశు విభాగంలో మెదడు ఎంత తీవ్రంగా దెబ్బతిన్నదో చెప్పే సార్నాట్ దశలను నిర్ణయించే పరీక్షను ఇద్దరు శిక్షణ పొందిన వైద్యులు విడివిడిగా చేసి, తేడా వస్తే మాట్లాడుకుని నమోదు చేయాలి. ఎంఆర్ఐ చదివే రేడియాలజిస్టుకు బిడ్డ పరిస్థితి తెలియకుండా చూడాలి. ఉష్ణోగ్రత, చక్కెర, ఫిట్స్ విషయంలో సంరక్షణ అందరికీ ఒకే పద్ధతిలో జరగకపోతే ఏ పోలికకూ అర్థం ఉండదు కాబట్టి, ఆ నియమావళిని నర్సులతో కలిసి కూర్చుని రాసుకోండి.

అనుమతి విషయంలో తొందరపడకూడదు. తల్లి సిజేరియన్ తరువాత వేరే వార్డులో ఉంటుంది, తండ్రి ఐసీయూ తలుపు దగ్గర నిలబడి ఏ కాగితం ఇచ్చినా సంతకం పెట్టే స్థితిలో ఉంటాడు. అధ్యయనంలో చేరకపోయినా వైద్యం ఏమాత్రం తగ్గదని తెలుగులో, ఇంట్లో మాట్లాడుకునే మాటలలో చెప్పి, తల్లి కోలుకున్నాక ఆమెతో మళ్లీ వివరంగా మాట్లాడాలి.

అసలు కష్టం ఇంటికి వెళ్లాక మొదలవుతుంది. తొలికాన్పు పుట్టింట జరిగి, మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలు అత్తవారింటికి వెళ్లడం మన ఆనవాయితీ. కాన్పునాటి చిరునామా అప్పటికి పనికిరాదు. అమ్మమ్మ, మేనమామ, నానమ్మల ఫోన్ నంబర్లతో పాటు రెండు ఊళ్ల ఆశా కార్యకర్తల నంబర్లూ డిశ్చార్జికి ముందే తీసుకోండి. పరీక్షకు రాని బిడ్డలు వచ్చినవారికంటే మరీ బాగున్నవారో, మరీ దెబ్బతిన్నవారో కావచ్చు. వారు జారిపోతే బృందంలోని గణాంక నిపుణుడు ఎంత నేర్పరి అయినా ఆ లోటు పూడ్చలేడు. రాకపోకల ఖర్చును, తల్లి పోగొట్టుకునే కూలిని బడ్జెట్‌లో మొదటి పద్దుగా వేయాలి.

మూడు నుంచి ఐదు నెలల మధ్య ఒక చిన్న వీడియో చాలా చెబుతుంది. బిడ్డ మెలకువగా, ప్రశాంతంగా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి, బొమ్మలు చూపకుండా, పలకరించకుండా, ఒళ్లంతా కనిపించేలా మూడు నుంచి ఐదు నిమిషాలు చిత్రీకరించాలి. ఆ వయసులో మెడ, మొండెం, చేతులు, కాళ్లలో అన్ని దిక్కులకూ సాగే చిన్న చిన్న కదలికలు ఆగకుండా కనిపించాలి. అవి లేవని శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు గుర్తిస్తే, మెదడు దెబ్బతిని కదలికలు దెబ్బతినే సెరిబ్రల్ పాల్సీ అవకాశాన్ని తీవ్రంగా తీసుకుని, అధ్యయనం ముగిసేదాకా ఆగకుండా, ఆ వారంలోనే బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపించి, అక్కడ చేర్చుకున్నారో లేదో సమన్వయకర్త ఫోన్ చేసి కనుక్కోవాలి.