ఒంటికి రుద్దుకునే స్క్రబ్‌కు ఏ పంచదార మేలు?

ఇంట్లో స్క్రబ్ కలుపుకునేవారు నూనె ఎంపికలో చూపే శ్రద్ధ పంచదార దగ్గర చూపరు. నిజానికి చర్మం నునుపెక్కడమైనా, గీరుకుపోవడమైనా పలుకు సైజును బట్టే ఉంటుంది. రంగుతోనూ ధరతోనూ పెద్దగా పనిలేదు.

మన మార్కెట్లో పంచదారకు పలుకును బట్టి ఎస్-30, ఎం-30, ఎల్-30 అనే గ్రేడ్లు ఉన్నాయి. వీటిలో ఎస్ చిన్నది, ఎల్ పెద్దది. ఎం రకం పలుకు ఒక మిల్లీమీటరు దాటి ఉంటుంది కనుక చర్మం గట్టిపడిన మడమలకు తప్ప వాడకపోవడమే మంచిది. చేతులకు, కాళ్లకు ఎస్ రకం తీసుకున్నా దాన్ని మరికాస్త సన్నం చేసుకోవాలి. మిక్సీలో క్షణం తిప్పి ఆపి, పిండి జల్లెడ పట్టి, కిందికి రాలిన పొడిని కాఫీకి ఉంచుకుని, పైన మిగిలిన సన్న బొంబాయి రవ్వలాంటి పలుకును వాడాలి. మరీ మెత్తని పొడి తడి తగలగానే కరిగిపోతుంది కాబట్టి రుద్దడానికి ఏమీ మిగలదు.

బ్రౌన్ షుగర్ కొనదలిస్తే చిటికెడు వేళ్ల మధ్య నొక్కి చూడండి. తేమగా ముద్దకడితే అది సన్నపలుకు రకం, చర్మానికి మెత్తగా ఉంటుంది. డెమెరారా అనే రకం పంచదార కూడా గోధుమ రంగులోనే ఉంటుంది గానీ పలుకు పెద్దది, గరుకు. పటికబెల్లం దంచితే పదునైన ముక్కలవుతుంది, దాని జోలికి పోవద్దు.

రెండు చెంచాల పంచదారకు ఒక చెంచా కొబ్బరినూనె గానీ నువ్వులనూనె గానీ సరిపోతుంది. పంచదార నూనెలో కరగదు కనుక పలుకు అలాగే నిలుస్తుంది. అయితే మిక్సీలో విరిగిన పలుకుకు అంచులు పదునుగా ఉంటాయి. అందుచేత తడి ఒంటికి పట్టించి, ఆ అంచులు కాస్త కరిగేదాకా ఆగి, ఒత్తిడి లేకుండా అర నిమిషం గుండ్రంగా రుద్ది, గోరువెచ్చని నీళ్లతో కడుక్కోవాలి. వారానికి ఒకసారి చాలు. మొటిమలు, గాయాలు, అప్పుడే షేవ్ చేసిన చర్మం ఉన్నచోట వద్దు. ముఖానికి, నా మటుకు, ఏ పంచదారా వద్దనే చెబుతాను. నిమ్మరసం కలపకండి, అది చర్మంపై మిగిలి ఎండ తగిలితే బొబ్బలు, మచ్చలు రావచ్చు. సీసాలో తడి చెయ్యి పెట్టకుండా పొడి చెంచాతో తీసుకోండి. స్నానమయ్యాక నూనెతో జారే బాత్రూం నేలను సబ్బునీళ్లతో కడగడం మరవకండి.