ఫుల్ చార్జ్‌తో మిగిలిపోయిన డ్రోన్ బ్యాటరీలు: స్టోరేజ్‌కి దించేటప్పుడు వచ్చే సమస్యలు, పరిష్కారాలు

రేపు ఎగరేద్దామని రాత్రే నాలుగు బ్యాటరీలు ఫుల్ చార్జ్ చేసి పెట్టుకుంటాం, తెల్లారేసరికి వాన పట్టుకుంటుంది, తర్వాత పనుల్లో పడి రెండు వారాల పాటు వాటి ఊసే ఎత్తం. నా దగ్గర పాడైన లైపోల్లో (డ్రోన్లలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీలు) ఎక్కువ భాగం గాల్లో పాడవలేదు, ఇలా అల్మారాలో ఫుల్ చార్జ్‌తో కూర్చుని పాడయ్యాయి.

స్టోరేజ్‌కి దించడం, అంటే దాచిపెట్టే ముందు చార్జ్‌ని సగం దగ్గరికి తగ్గించడం, కష్టమైన పనేం కాదు. తేడా వచ్చేది రెండు చోట్ల. ఒకటి, ప్యాక్ మొత్తం వోల్టేజ్ చూసుకుని ఒక్కో సెల్ సంగతి వదిలేసినప్పుడు. రెండోది, దానంతట అది ఆగే ఏర్పాటు లేకుండా డిశ్చార్జ్ మొదలుపెట్టి పక్కకి వెళ్లినప్పుడు. కింద రాసిన సమస్యల్లో చాలావరకు ఈ రెంటి దగ్గరే మొదలవుతాయి.

ముందు అంకెలు గుర్తు పెట్టుకోండి. మామూలు లైపో సెల్ ఫుల్ అంటే 4.20 వోల్ట్లు, స్టోరేజ్ అంటే 3.80 నుంచి 3.85 మధ్య. అంటే 3ఎస్ ప్యాక్ (మూడు సెల్స్ వరసగా కలిపినది) 11.4 నుంచి 11.55, 4ఎస్ 15.2 నుంచి 15.4, 6ఎస్ 22.8 నుంచి 23.1 వోల్ట్ల దగ్గర ఉండాలి. 4.35 దాకా చార్జ్ అయ్యే హై వోల్టేజ్ లైపోలకి కూడా స్టోరేజ్ దాదాపు ఇంతే. 18650, 21700 సెల్స్‌తో కట్టిన లిథియం అయాన్ ప్యాక్‌లు వేరు, వాటికి ఈ అంకెలు పెట్టకండి, చార్జర్‌లో బ్యాటరీ రకం దగ్గర లిథియం అయాన్ అని ఎంచుకోండి.

ఎందుకిదంతా అంటే, ఫుల్ చార్జ్‌లో ఉన్న సెల్ లోపల ఎలక్ట్రోలైట్ అనే రసాయనం మెల్లగా విడిపోతూ గ్యాస్ పుడుతుంది, ఇంటర్నల్ రెసిస్టెన్స్ (కరెంటుకి లోపల ఎదురయ్యే అడ్డు) పెరుగుతుంది. గది వేడిగా ఉంటే ఇదే పని ఇంకా వేగంగా జరుగుతుంది. పోనీ బాగా ఖాళీ చేసి పెడదామా అంటే, ఉన్న కొద్దిపాటి చార్జ్ కూడా నెలల్లో కారిపోయి సెల్ 3 వోల్ట్ల కిందికి జారుతుంది, అది ఇంకో రకం చావు. అందుకే మధ్యలో.

స్టోరేజ్ మోడ్‌లో పెట్టి గంటలైంది, ఇంకా అవ్వట్లేదు

స్టోరేజ్ మోడ్ అంటే సెల్స్‌ని స్టోరేజ్ వోల్టేజ్‌కి తెచ్చి ఆపే చార్జర్ సెట్టింగ్. అందరికీ ముందు ఎదురయ్యేది ఇదే. చార్జర్ మీద 50 వాట్లని రాసి ఉంటుంది, అది చార్జింగ్‌కి. డిశ్చార్జ్ వాట్లు వేరే ఉంటాయి, చాలా చిన్న చార్జర్లలో అది 5 వాట్లే. చార్జర్ ఆ కరెంటుని లోపల వేడిగా మార్చి చిన్న ఫ్యాన్‌తో బయటికి తోయాలి కదా, అంతకు మించి దానికి చేతకాదు.

లెక్క వేసి చూడండి. 4ఎస్ 1500 ఎంఏహెచ్ ప్యాక్‌లో సుమారు 22 వాట్ అవర్స్ (నిల్వ ఉన్న శక్తికి కొలత) ఉంటాయి. ఫుల్ నుంచి స్టోరేజ్‌కి రావాలంటే సగం కంటే కాస్త ఎక్కువ తీసేయాలి, 12 అనుకోండి. 5 వాట్ల చొప్పున రెండున్నర గంటలు. అదే 6ఎస్ 5000 ఎంఏహెచ్ అయితే మొత్తం 111 వాట్ అవర్స్, తీయాల్సింది 60 దాకా, అంటే ఒక్క బ్యాటరీకే 12 గంటలు! చార్జర్ పాడైందని కంగారు పడక్కర్లేదు, దాని శక్తి అంతే.

ఇక్కడే ఒక మోసం జరుగుతుంది. చాలా చార్జర్లలో సేఫ్టీ టైమర్ ఉంటుంది, మామూలుగా 120 నిమిషాలకి సెట్ అయి వస్తుంది. టైమ్ అయిపోగానే చార్జర్ బీప్ కొట్టి ఆగిపోతుంది, మనం అయిపోయిందనుకుని బ్యాటరీ తీసి లోపల పెట్టేస్తాం, నిజానికి పెద్ద ప్యాక్ అయితే అది సెల్‌కి ఇంకా 4 వోల్ట్ల పైనే ఉంటుంది. అందుకే ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగిందో స్క్రీన్ మీద చదవండి, సెల్ వోల్టేజ్‌లు చూడండి. టైమర్‌ని పూర్తిగా తీసేసే సెట్టింగ్ ఉన్నా దాని జోలికి వెళ్లొద్దు, లెక్క వేసుకున్న సమయానికి కొంచెం ఎక్కువ పెట్టుకుంటే చాలు.

పరిష్కారాల్లో నాకు బాగా నచ్చింది ఎగరేయడమే. వాన తగ్గాక కాసేపు తల ఎత్తులో హోవర్ చేయండి (ఒకేచోట గాల్లో నిలపండి), కెమెరా డ్రోన్ అయితే 55 శాతం దగ్గర దింపేయండి, ఎఫ్‌పీవీ (డ్రోన్ కెమెరా చూపించేది చూస్తూ ఎగరేసే రకం) అయితే స్క్రీన్ మీద సెల్‌కి 3.75 కనిపించేటప్పుడు దింపితే కాసేపయ్యాక దానంతట అదే 3.8 చుట్టూ వచ్చి నిలబడుతుంది. ఎగరేసే వీలు లేకపోతే, దగ్గర బ్యాటరీలు ఎక్కువ ఉంటే, విడిగా డిశ్చార్జర్ కొనుక్కోవడం మంచిది. కొనేటప్పుడు రెండే చూడండి: ఎన్ని వాట్లు లాగుతుంది, బ్యాలెన్స్ వైర్ (ఒక్కో సెల్ నుంచి విడిగా వచ్చే సన్న వైర్ల కట్ట) నుంచి ఒక్కో సెల్‌ని చదివి తనంతట తాను ఆగుతుందా. రెండోది లేకపోతే వద్దు.

కారు బల్బు పెట్టి దించుతున్నా, పర్వాలేదా?

పని చేస్తుంది, ఎన్నో ఏళ్లుగా చాలామంది చేస్తున్నదే. కానీ బల్బుకి ఆగడం తెలియదు.

12 వోల్ట్ల 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు 3ఎస్‌కి ఒకటి సరిపోతుంది. 4ఎస్ ఫుల్ అంటే 16.8 వోల్ట్లు, ఒక్క బల్బు పెడితే ఫిలమెంట్ మాడిపోవచ్చు, రెండు సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా) పెడితే కాస్త మసకగా వెలుగుతాయి. 6ఎస్‌కి కూడా రెండు సిరీస్‌లో సరిగ్గా కుదురుతాయి. బల్బులు చేయి కాలేంత వేడెక్కుతాయి కాబట్టి ఇటుక మీదో గచ్చు మీదో పెట్టండి, బ్యాటరీకి కనీసం రెండడుగుల దూరంలో ఉంచండి.

అసలు సమస్య టైమ్. 4ఎస్ 1500 ప్యాక్ రెండు బల్బులకి పెడితే పావుగంట లోపే స్టోరేజ్‌కి వచ్చేస్తుంది, ఇంకో పది నిమిషాలు దాటితే ఖాళీ. నేను ఒకసారి ఇలాగే పెట్టి ఫోన్ మోగితే లోపలికి వెళ్లాను, మాట్లాడి వచ్చేసరికి బల్బులు ఎర్రగా మినుకుమంటున్నాయి, ఒక్కో సెల్ 2 వోల్ట్ల కిందికి పోయింది. ఆ ప్యాక్‌ని మళ్లీ చార్జ్ చేయలేదు. అంత కిందికి వెళ్లిన సెల్‌లో నెగటివ్ వైపు ఉండే రాగి రేకు కరగడం మొదలవుతుంది, తర్వాత చార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడ పడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ అవ్వొచ్చు. పైకి చూస్తే బాగానే ఉన్నట్టు ఉంటుంది, చార్జ్ కూడా ఎక్కుతుంది, భయపడాల్సింది అందుకే.

బల్బు తప్ప వేరే దారి లేకపోతే బ్యాలెన్స్ కనెక్టర్‌కి లో వోల్టేజ్ బజర్ తగిలించి 3.8 దగ్గర సెట్ చేయండి, అది చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. బజర్ ఉన్నా సరే అక్కడే కూర్చోండి. ఫోన్ వస్తే ముందు కనెక్టర్ లాగేయండి, తర్వాత మాట్లాడండి.

3.80 దగ్గర ఆపా, గంట తర్వాత 3.87 చూపిస్తోంది

మీటర్ తప్పేం లేదు. లోడ్ (బల్బు, మోటార్ లాంటి కరెంటు లాగేది) ఉన్నంతసేపు వోల్టేజ్ కిందికి కుంగి ఉంటుంది, లోడ్ తీయగానే పైకి లేస్తుంది. ఎంత ఎక్కువ కరెంటు లాగితే అంత ఎక్కువ లేస్తుంది, పాత బ్యాటరీలో ఇంకా ఎక్కువ. అరగంట ఆగి చూసిన అంకెనే నమ్మండి. 3.87 ఉంటే కొంపలేం మునగవు, కావాలంటే చార్జర్ స్టోరేజ్ మోడ్‌లో మళ్లీ పెట్టండి, మిగిలింది కొంచెమే కాబట్టి చిన్న చార్జర్ కూడా త్వరగానే లాగేస్తుంది.

దీనికి రివర్స్ కూడా ఉంది. ఎగరేసి దింపిన బ్యాటరీ చాలాసార్లు 3.6, 3.7 దగ్గర ఉంటుంది, దానికి దించడం కాదు, కాస్త ఎక్కించడం కావాలి. స్టోరేజ్ మోడ్ ఎటు కావాలంటే అటు చేస్తుంది. వేడిగా ఉండగానే పెట్టొద్దు, చల్లారాక పెట్టండి.

ఒక సెల్ మిగతా వాటికంటే కింద ఉంది

0.02, 0.03 తేడా అయితే వదిలేయండి. 0.1 దాకా ఉంటే కారణం వెతకాలి.

నేను మొదట అడిగేది, బ్యాటరీకి బజర్ గానీ వోల్టేజ్ చెకర్ గానీ తగిలించి అలాగే వదిలేశారా అని. ఆ చిన్న డిస్‌ప్లే కూడా బ్యాటరీ నుంచే కరెంటు తాగుతుంది, పైగా చాలా చెకర్లు అన్ని సెల్స్ నుంచి సమానంగా తాగవు, మొదటి ఒకటి రెండు సెల్స్ నుంచే లాగుతాయి. రెండు మూడు వారాలు అలా ఉంటే ఆ సెల్స్ మాత్రం చచ్చిపోతాయి, మిగతావి చక్కగా 3.8లో ఉంటాయి. ప్యాక్ వోల్టేజ్ ఒక్కటే చూసేవాళ్లకి ఇది కనపడదు. చూసిన వెంటనే చెకర్ పీకేయండి, ఇదొక్కటి అలవాటైతే చాలా బ్యాటరీలు బతుకుతాయి.

ఆ కారణం కాకపోతే, ప్యాక్ మొత్తం లోడ్‌కి పెట్టి దించినప్పుడు బలహీనమైన సెల్ తొందరగా కిందికి పోయి ఉండొచ్చు. బ్యాలెన్స్ వైర్ తగిలించి స్టోరేజ్ మోడ్‌లో పెట్టండి, చాలా చార్జర్లు సరిచేస్తాయి. బ్యాలెన్స్ చేసే కరెంటు చాలా తక్కువ కాబట్టి పెద్ద ప్యాక్‌కి చాలాసేపు పడుతుంది, 0.02 లోపు వస్తే ఆపేయొచ్చు. సరిచేసి పెట్టాక వారానికి అదే సెల్ మళ్లీ జారిందంటే లోపల లీక్ అవుతోందని అర్థం, ఇక ఆ ప్యాక్‌ని వదిలేయాలి.

3 వోల్ట్ల కిందికి పోయిన సెల్‌ని నికెల్ బ్యాటరీ మోడ్‌లో పెట్టి లేపే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. చేయకండి. ఆ మోడ్‌లో చార్జర్‌కి సెల్ వోల్టేజ్‌తో పని లేదు, లిథియం కోసం ఉన్న రక్షణలన్నీ మీరే తీసేసినట్టు అవుతుంది. ఇంకొకటి, బాగా దిగిపోయిన 4ఎస్‌ని కొన్ని చార్జర్లు 3ఎస్ అనుకుంటాయి, స్టార్ట్ నొక్కే ముందు సెల్స్ సంఖ్య మీ కళ్లతో చూసుకోండి.

డ్రోన్‌కే తగిలించి ఆన్ చేసి వదిలేశా, డ్రోన్ కాలిపోతోంది

ఎఫ్‌పీవీ డ్రోన్లలో వీడియో ట్రాన్స్‌మిటర్ ఎగురుతున్నప్పుడు వచ్చే గాలితోనే చల్లబడుతుంది. టేబుల్ మీద పెడితే కొన్ని నిమిషాల్లోనే విపరీతంగా వేడెక్కి కాలిపోవచ్చు. ఇలా దించాల్సి వస్తే ఎదురుగా ఫ్యాన్ పెట్టండి, ట్రాన్స్‌మిటర్ పవర్ తక్కువలో పెట్టండి, ప్రొపెల్లర్లు తప్పకుండా తీసేయండి. తగిలించి పడుకోవడం మాత్రం అస్సలు వద్దు, పొద్దునకి బ్యాటరీ సున్నా.

స్మార్ట్ బ్యాటరీ, వాడకపోయినా గోరువెచ్చగా ఉంది, శాతం కూడా తగ్గింది

ఇది సమస్య కాదు. డీజేఐ లాంటి వాటి బ్యాటరీల్లో ఉండే సర్క్యూట్ కొన్ని రోజులు వాడకపోతే తనంతట తాను మెల్లగా దించేస్తుంది, ఆ శక్తే వేడిగా బయటికి వస్తుంది. ఎన్ని రోజులకి, ఎంత శాతానికి అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఉంటుంది. కానీ ఆ కొన్ని రోజులూ అది ఫుల్‌లోనే ఉంటుంది కదా, కాబట్టి ఎగరేయడం లేదని తెలిసిన రోజే మీరే దించేయడం మేలు. చాలా నెలలు వదిలేస్తే బటన్ నొక్కినా వెలగకపోవచ్చు, నిద్రలోకి వెళ్లి ఉంటుంది, దాని చార్జర్‌కి పెడితే లేస్తుంది. మూడు నెలలకోసారి తీసి చూడండి.

దించుతుంటే వేడెక్కుతోంది, లేదా ఉబ్బింది

గోరువెచ్చగా ఉంటే మామూలే. చేత్తో పట్టుకోలేనంత వేడి అయితే వెంటనే లోడ్ తీసేయండి, కరెంటు ఎక్కువైందన్నా అనుకోవాలి, బ్యాటరీ అయిపోయిందన్నా అనుకోవాలి. చల్లారాక సెల్స్ చూడండి, సగం కరెంటుతో మళ్లీ ప్రయత్నించండి, అప్పుడూ అంతే వేడెక్కితే దాన్ని వాడకండి.

ఉబ్బిన బ్యాటరీకి స్టోరేజ్ అనే మాటే లేదు. నొక్కి చూడటం, సూదితో గాలి తీయడం లాంటివి చేయొద్దు, లోపలున్నది మండే ఆవిరి. దాన్ని పూర్తిగా ఖాళీ చేసి వదిలించుకోవాలి. సెల్స్ అన్నిటి వోల్టేజ్ మీటర్‌లో కనిపిస్తుంటే ఆరుబయట, మండేవేవీ దగ్గర లేని చోట, తక్కువ కరెంటుతో మెల్లగా సున్నా దాకా దించండి. ఇక్కడ బల్బు బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఆగకపోవడమే ఇప్పుడు కావాలి. పిచ్చిగా ఉబ్బి ఉంటే, దెబ్బ తిని ఉంటే, తియ్యటి వాసన వస్తుంటే దానికి వైరు కూడా తగిలించకండి, ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టి బయట ఉంచండి.

ఉప్పు నీళ్లలో వేస్తే చాలని చెప్తుంటారు. ఉప్పు నీళ్లు ముందు కనెక్టర్లని, సెల్ నుంచి బయటికి వచ్చే లోహపు ట్యాబ్‌లని తినేస్తాయి, అవి తెగిపోయాక కరెంటు వెళ్లే దారి మూసుకుపోతుంది, లోపల చార్జ్ అలాగే ఉండిపోతుంది. బకెట్‌లో వారం ఉంది కాబట్టి ఖాళీ అయిందనుకుని చెత్తలో వేస్తారు, అక్కడ బండి కింద నలిగితే మంట లేస్తుంది. ఖాళీ అయిందో లేదో మీటర్ పెట్టి చూసి, వైర్ల చివర్లు ఒక్కోదానికి విడివిడిగా టేప్ చుట్టి, ఈ-వేస్ట్ తీసుకునే చోట చేతికిచ్చి, అది ఉబ్బిన లిథియం బ్యాటరీ అని వాళ్లకి నోటితో చెప్పండి.