పాత బండికి చిన్న షెడ్డు వాళ్ళతో పార్ట్ చేయించుకోవాలంటే ఏం చెప్పాల, ఎట్ల చెప్పాల

మా నాయన కొన్న యమహా ఆర్ఎక్స్ 100 బండి ఇంకా మా ఇంట్లోనే ఉండాది, అనంతపురం ఎండకి ట్యాంక్ రంగు వెలిసిపోయింది గానీ ఇంజన్ ఇప్పటికీ ఒక్క కిక్కుకే లేస్తాది. ఈ బండి 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది, అంటే ఆఖర్న వచ్చిన బండికి కూడా ముప్పై ఏండ్లు దగ్గర పడినట్టే, లోపల ఇనుము తట్టుకుంటాది, రబ్బరు యాడ తట్టుకుంటాది. నాకు పోయింది కార్బేటర్ జాయింట్, అంటే గాలీ పెట్రోలూ కలిపే కార్బేటర్‌ని ఇంజన్‌కి కలిపే నల్ల రబ్బరు ముక్క. సన్నగా పగుళ్ళు వచ్చి పక్కనుంచి గాలి లాగుతా ఉండె, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ దిగకుండా గుయ్యని మోగేది, సర్కిల్ కాడ ఆపితే ఐడిలింగ్ ఒకసారి పైకి ఒకసారి కిందికి. ఇట్లాంటి టూ స్ట్రోక్ ఇంజన్‌లో దీన్ని ఊరికే వదిలేస్తే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువై వేడెక్కి పిస్టన్ సీజ్ అయితాది, అంటే లోపలే పట్టేస్తాది, అప్పుడు వందల్లో పోయేది వేలల్లోకి పోతాది.

మీ బండికి కూడా ఇట్లనే ఉందా అని డౌట్ ఉంటే ఇంజన్ ఐడిలింగ్‌లో పెట్టి ఆ జాయింట్ చుట్టూ సబ్బు నీళ్ళు స్ప్రే చేసి చూడండి, సౌండ్ మారిందంటే ఆడ గాలి పోతా ఉన్నట్టే. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు, ఇంజన్ వేడి మీద ఆ పని మాత్రం చేయద్దు సామీ.

సరే, ఊర్లో స్పేర్ పార్ట్ షాపులన్నీ తిరిగినా. "కంపెనీది రాదన్నా, డూప్లికేట్ ఉంది, కావాలంటే తీస్కో" అని ఒకే మాట. ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించినా, నలభై దినాలకే ఎండిన రొట్టె మాదిరి పగిలిపాయ, అమ్మినోడికి ఫోటో పెడితే చూసినట్టు నీలం టిక్కులు వచ్చినాయి గానీ జవాబు రాలే. అప్పుడు మా మెకానిక్ ఒక నంబర్ ఇచ్చినాడు. బెంగుళూరు పక్క ఇద్దరు ముగ్గురు పని చేసే చిన్న షెడ్డు, పాత బండ్లకి రబ్బరు పార్టులు అచ్చు పోసి చేస్తారు, ఓనరే మిషన్ మీద కూచుంటాడు, ఆయనది మన మడకశిర పక్క ఊరే. ఆయన నాకు చేసినంత సర్వీసు పెద్ద షోరూముల్లో కూడా నేను చూడలే. అయితే అది ఊరికే రాలేదు, మొదట నేను తప్పుగా అడిగినా, ఆయన నాకు అడగడం నేర్పించినాడు. ఆ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తా ఉండా, ఏ చిన్న తయారీ వాళ్ళ దగ్గరైనా పనికొస్తాది.

నేను పెట్టిన మొదటి మెసేజ్ ఇది: "అన్నా ఆర్ఎక్స్ 100 జాయింట్ ఉందా రేటెంత". సగం రోజు జవాబు లేదు. సాయంత్రం ఫోన్ వచ్చింది, రేటు చెప్పకుండా ప్రశ్నలు మొదలుపెట్టినాడు. బండి ఏ సంవత్సరం సార్, ఇంజన్ దానిదేనా లేక ఆర్ఎక్స్ 135 ఇంజన్ ఎక్కించినారా, కార్బేటర్ మార్చినారా, పాత ముక్క మీ దగ్గర ఉందా పారేసినారా, బండి రోజూ తిప్పుతారా నెలకొకసారా. నాకు చిరాకు వచ్చింది, ఏందబ్బా ఈ రబ్బరు ముక్కకి ఇంత ఇంటర్వ్యూనా అని. తర్వాత తెలిసింది, డబ్బులు అడిగే ముందు ఇన్ని ప్రశ్నలు అడిగేవాడే సరైన మనిషి. "ఉంది అన్నా, ఐదొందలు, ఫోన్‌పే చెయ్" అని ఒక్క లైన్‌లో తేల్చేసినోడి దగ్గర కొంచెం ఆగండి.

అందుకే మొదటి మెసేజ్‌లోనే ఇవన్నీ రాసేయండి: బండి పేరు, సంవత్సరం, ఇంజన్ ఒరిజినలా కాదా, ఇంతకుముందు ఏమేమి మార్చినారు, ఇప్పుడు వచ్చిన కంప్లైంట్ ఏంది. పాత బండ్లలో ఒకదాని ఇంజన్ ఇంకోదాంట్లో ఉంటాది, ఒకదాని కార్బేటర్ ఇంకోదానికి ఉంటాది, మీరు కొన్నప్పుడు మీకే తెలీకపోవచ్చు, కాబట్టి పార్ట్ మీద గానీ కార్బేటర్ బాడీ మీద గానీ అచ్చు పడిన నంబర్లుంటే ఫోటో తీసి పెట్టండి. ఫోటో తీసేటప్పుడు పార్ట్ పక్కన స్కేల్ పెట్టండి, చేతిలో పట్టుకొని తీసిన ఫోటోతో సైజు తెలీదు.

కొలతలు అసలైన పని. ప్లాస్టిక్ వెర్నియర్ (ముక్కని దవడల మధ్య పట్టి సన్న కొలత చూపించే స్కేలు) ఒకటి కొనుక్కోండి, ఇంచు టేపుతో ఈ పని కాదు. రబ్బరు పార్టుకి లోపలి వెడల్పు, బయటి వెడల్పు, గోడ మందం, మొత్తం పొడవు, ఇంత చాలు. బోల్టు బొక్కల మధ్య దూరం దగ్గరే అందరూ తప్పు చేస్తారు, బొక్క నడుమ ఎక్కడుందో కంటికి ఎట్ల తెలుస్తాది? దానికి ఒక ఉపాయం ఆయనే చెప్పినాడు: ఒక బొక్క లోపలి అంచు నుంచి ఇంకో బొక్క లోపలి అంచు దాకా కొలిచి, దానికి ఒక బొక్క వెడల్పు కలపండి, రెండు బొక్కలూ ఒకే సైజు అయితే అదే నడుమ నుంచి నడుమకి దూరం. నేను అంతకుముందు స్కేలు పెట్టి అందాజుగా చెప్పినా, రెండు మిల్లీమీటర్లు తేడా, అట్లనే చేసుంటే బోల్టు ఎక్కేది కాదు.

కేబుల్ చేయించేవాళ్ళు ఇన్నర్ (లోపలి తీగ) పొడవు, ఔటర్ (పైన తొడుగు) పొడవు రెండూ వేరే వేరే చెప్పాల. మా ఫ్రెండ్ బుల్లెట్‌కి ఎత్తు హ్యాండిల్ వేసి క్లచ్ కేబుల్ కోసం "పాతదాని కన్నా అర అడుగు ఎక్కువ" అని చెప్పినాడు, ఏది అర అడుగు ఎక్కువో చెప్పలే, వచ్చింది చూస్తే ఔటర్ పెరిగింది ఇన్నర్ సరిపోలే, తప్పు ఎవరిదో ఇప్పటికీ వాళ్ళిద్దరూ ఒప్పుకోరు. ఒక మందం వైరు తీసుకొని కేబుల్ పోయే దారంతా పరిచి, హ్యాండిల్ రెండు పక్కలా ఫుల్లుగా తిప్పి చూసి, అప్పుడు కొలవండి. స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) అయితే పళ్ళు లెక్కపెట్టి, చైన్ లింకు మీద నంబర్ చూసి చెప్పండి, 428 అని ఉంటే పిన్నుకీ పిన్నుకీ మధ్య 12.7 మిల్లీమీటర్లు, ఆ నంబర్ చెప్తే వాళ్ళకి సగం పని అయిపోయినట్టే.

ఇంకొక గోతి ఉండాది, దీంట్లో చానామంది పడతారు. పాత ముక్క పంపి "దీని మాదిరే చెయ్యన్నా" అంటారు. పాత ముక్క అరిగిపోయింది కాబట్టే కదా మారుస్తా ఉండేది! స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) బుష్ అరిగి లోపలి బొక్క పెద్దదైపోయి ఉంటాది, దాన్ని చూసి చేస్తే కొత్తది కూడా మొదటి రోజు నుంచే లూజు. రబ్బరు పెట్రోలుకి ఉబ్బి ఉంటే కొలతంతా ఎక్కువ చూపిస్తాది. కాబట్టి పాత ముక్కతో పాటు అది కూచునే చోటు కూడా కొలవండి, ఇనుప షాఫ్ట్ అయితే అరగని చోట, చివరల్లో. ఆ రెండు కొలతలూ రాసి పంపితే తెలివైన మనిషి మధ్యలో ఎంత సందు ఉంచాలో తనే చూసుకుంటాడు.

మెటీరియల్ ఏందని అడగడానికి మొహమాటపడద్దు. పెట్రోలు తగిలే రబ్బరు నైట్రైల్ అయి ఉండాల, మామూలు నాచురల్ రబ్బరు పెట్రోలు తగిలితే ఉబ్బి మెత్తబడతాది. వెనక చక్రంలో ఉండే డ్రైవ్ రబ్బర్లకైతే ఆ బాధ లేదు, పెట్రోలు తగలదు కదా, అక్కడ గట్టితనం ముఖ్యం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకి దానికి తట్టుకునే రబ్బర్లు పెడతా ఉండారు, మన పాత బండ్లకి ఆ లెక్కే లేదు. అందుకని బండి ఎన్ని దినాలు నిలబడి ఉంటాదో కూడా చెప్పండి. నెలంతా షెడ్లో పెట్టి పండగకి తీసేవాడి రబ్బరుకీ, రోజూ గుత్తి దాకా పోయొచ్చేవాడి రబ్బరుకీ తేడా ఉంటాది.

డబ్బుల విషయం తొందరగా చెప్పేస్తా. రేటు, మెటీరియల్, కొలతలు, ఎన్ని దినాలు, ఇవి ఫోన్లో మాట్లాడినా తర్వాత మెసేజ్‌లో మళ్ళీ రాయండి, ఇది అనుమానం కాదు, ఆయన మిషన్ మీద ఉన్నప్పుడు ఫోన్లో విన్నది మర్చిపోతాడు. సగం అడ్వాన్స్, మిగతాది పార్సిల్ వేసే ముందు ఫోటో చూసి. బిల్లు అడగండి. ముప్పై నలభై రూపాయల కోసం బేరం ఆడద్దు, ఒక్క ముక్క కోసం అచ్చు వేడి చేసి దించడమంటే వాళ్ళకి సగం పూట పోతాది, ఆ బేరం ఇదే బండి ఉన్న ఇద్దరు ముగ్గురిని కూడగట్టి నాలుగు ముక్కలు ఆర్డర్ ఇచ్చి ఆడండి, అప్పుడు ఆయనే తగ్గిస్తాడు. రోజుకి మూడుసార్లు ఫోన్ చేయద్దు. నాకు చెప్పిన టైము కన్నా ఐదు దినాలు లేటు అయింది, కానీ రెండో రోజే ఆయనే మెసేజ్ పెట్టినాడు, కరెంటు పోయి అచ్చు సరిగా కాగలేదు, ఆ ముక్క పారేసినా, మళ్ళీ చేస్తా అని. లేటు కన్నా ఆ లేటు ముందుగా చెప్పడం నాకు నచ్చింది.

పార్సిల్ వచ్చినాక విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, బండికి బిగించే ముందే కొలవండి, ఒకసారి నూనె గ్రీజు తగిలినాక "ఇది సరిగా లేదు" అంటే ఎవరూ నమ్మరు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి, తేడా వస్తే ఎట్ల మాట్లాడాల. నాకు వచ్చిన ముక్క రెండు నెలలు బాగానే ఉండె, తర్వాత క్లాంప్ కింద అంచు మెత్తబడి చిన్న చీలిక వచ్చింది. నాకు ఒళ్ళు మండింది, "మీరు కూడా అంతేనా" అని టైప్ చేసి, పంపకుండా తుడిపేసినా. దాని బదులు ఇట్ల రాసినా: అన్నా, బిగించి రెండు నెలలు, సుమారు పన్నెండొందల కిలోమీటర్లు, చీలిక క్లాంప్ కింద మాత్రమే ఉంది, మిగతా చోట బాగుంది, మధ్యలో ఇరవై దినాలు బండి నిలబడింది, విప్పకముందు తీసిన ఫోటో ఇదీ, విప్పినాక ఇదీ. విప్పకముందు ఫోటో తప్పకుండా తీయండి, విప్పితే సాక్ష్యం సగం పోయినట్టే.

పది నిమిషాల్లో ఫోన్. మొదటి మాటే "కొత్తది రేపు వేస్తా అన్నా, పాతది మాత్రం నాకు పంపించండి, కోసి చూడాల" అని. నేను డబ్బుల మాట ఎత్తకముందే. పాతది పంపినా, నాలుగు దినాలకి కోసిన ముక్క ఫోటో పెట్టి రెండు తప్పులు చెప్పినాడు, ఒకటి నాది, ఒకటి ఆయనది. క్లాంప్ నేను మరీ గట్టిగా బిగించినా, పట్టీ అంచు రబ్బరులోకి దిగింది. ఆయన తప్పు, ఆ రోజు కలిపిన రబ్బరు మిక్స్ కొంచెం మెత్తగా వచ్చింది, అదే రోజు చేసిన మిగతా ముక్కలు కొన్న వాళ్ళకి కూడా ఫోన్ చేసి చెప్తా ఉండా అన్నాడు. ఆ మాటకి నేను నోరు మూసుకున్నా, ఎవరు చేస్తారప్పా ఈ కాలంలో? కొత్తదానికి డబ్బులు తీసుకోలే, కొరియర్ చార్జీ మాత్రం నేనే బలవంతంగా వేసినా, తప్పులో సగం నాది కదా.

అందరూ ఇట్ల ఉండరు, అది కూడా చెప్పాల. డబ్బులు తీసుకొని పలకనోడు తగిలితే మెసేజ్‌లు, బిల్లు, వీడియో పెట్టుకొని 1915కి ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. అంతటితో కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండాది. పాల క్యాన్లు వేసే బండి అయినా, బట్టల మూటలు వేసుకొని ఊర్లు తిరిగే బండి అయినా ఫర్వాలేదు, మీ బతుకుదెరువు కోసం మీరే తిప్పుకునేదైతే 2019 చట్టం కింద మీరు వినియోగదారుడే.

ఇంకోటి, చిన్న షెడ్డుల మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా బ్రేక్ షూలు, చక్రం యాక్సిల్, ఫోర్క్ లోపలి రాడ్లు మాత్రం నేను చేయించను. రబ్బరు పోతే బండికి దెబ్బ, యాక్సిల్ పోతే మనిషే పోతాడు. అవి కంపెనీవి దొరికే దాకా వెతుకుతా, నెల పట్టినా సరే.

కొత్త జాయింట్ వేసినాక వంద కిలోమీటర్లకి క్లాంప్ ఒకసారి చూసుకోండి, రబ్బరు కొంచెం సర్దుకుంటాది, స్క్రూ అర చుట్టు తిప్పితే చాలు, నా మాదిరి బలమంతా చూపియ్యద్దు. వెయ్యి కిలోమీటర్లకి ఒక ఫోటో ఆయనకి పెట్టండి, బాగున్నా సరే. నేను పెట్టినప్పుడు ఆయన వాయిస్ మెసేజ్ పంపినాడు, వెనకాల మిషన్ శబ్దం, "చెడిపోతేనే ఫోన్ చేస్తారన్నా అందరూ, బాగుంటే ఎన్ని దినాలు నడిచిందో నాకు తెలిసే దారే లేదు, ఈ తేదీ రాసి పెట్టుకుంటా" అని.