క్వార్టర్ ప్లానింగ్‌కి ముందు బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల టికెట్ల జాబితా) కోస్తున్నారా? ఇవి చూసుకోండి

గడువున్న పనులు ముందే పక్కన పెట్టండి. టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ (సైటు అసలుదేనని బ్రౌజర్‌కి చూపేది) రెన్యువల్ చూడ్డానికి చిల్లర టికెట్టే. కానీ 2026 మార్చి 15 నుంచి జారీ అయ్యే పబ్లిక్ సర్టిఫికెట్లు గరిష్ఠంగా 200 రోజులే చెల్లుతాయి. కోతలో అది ఎగిరిపోతే, ఓ పొద్దున కస్టమర్లకి సైటు తెరుచుకోదు.

డిలీట్ వద్దు, క్లోజ్ చేయండి. జీరాలో (టికెట్లు పెట్టుకునే టూల్) డిలీట్ చేస్తే టికెట్ కామెంట్లతో సహా పోతుంది. ఎందుకు వద్దనుకున్నారో ఒక్క ముక్క రాసి మూయండి; ఆర్నెల్లకి అదే అడుగుతూ ఇంకొకరు వస్తారు, తప్పదు.

టికెట్‌కి వేరే టికెట్లతో ఉన్న లింకులు చూడండి. పక్క టీమ్ మీరు కోసేసే పని కోసమే ఆగి ఉండొచ్చు.

‘హై’ ప్రయారిటీ లేబుల్‌ని నమ్మకండి. పెట్టినాయన ఎప్పుడో కంపెనీ మారి ఉంటాడు. వరుస నంబర్లివ్వండి, ఒకటో నంబరు ఒక్కదానికే.

సపోర్ట్ నుంచి ఒకర్ని కూర్చోబెట్టండి. కస్టమర్లు రోజూ దేనికి తిడుతున్నారో వాళ్లకే తెలుసు.