వైజాగ్‌లో ఉండి పాత పర్కషన్ రివాల్వర్ కొనాలనుకుంటే

పర్కషన్ రివాల్వర్ ఇప్పటివాటిలా తూటా పెట్టేది కాదు. సిలిండర్‌లో ఒక్కో గదిలోకి ముందు నుంచి తుపాకీ మందు పోసి, సీసపు గుండు దట్టించి, వెనక బొడిపెకి చిన్న రాగి క్యాప్ తొడిగితే, హ్యామర్ ఆ క్యాప్ మీద పడి పేలుతుంది. 1836లో అమెరికా తుపాకుల తయారీదారు శామ్యూల్ కోల్ట్ పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి 1870ల దాకా దీని కాలం. 1857 నాటి ఇంగ్లీషు ఆఫీసర్లు చాలామంది వాడినవి ఇవే కాబట్టి మన దేశంలో ఇప్పటికీ అక్కడక్కడా బయటపడుతుంటాయి.

డబ్బు సర్దుకునే ముందు కాయితాల సంగతి చూసుకోండి. పాతది కదా, ఎవరేమంటారులే అనుకోవద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం పాతకాలపు తుపాకీకి మినహాయింపు రావాలంటే అది బాగుచేసినా పేలని స్థితిలో ఉండాలి. 2020లో నియమాలు సవరించి, క్యూరియో, అంటే సేకరణగా ఉంచుకునే పాత అరుదైన వస్తువు, కిందకి వచ్చే చిన్న ఆయుధాలను కొనడానికి, ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదన్నారు గానీ, వాడాలన్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లాలన్నా లైసెన్స్ ఉండాల్సిందే. అంటే కలకత్తాలో కొని కోరమండల్ ఎక్కి బ్యాగులో పెట్టుకుని వచ్చేస్తే కుదరదన్నమాట. మీరు కొనబోయే వస్తువు ఫొటోలు, కొలతలు, నంబర్లు జతచేసి, ఇది ఏ కోవ కిందకి వస్తుందో, ఎలా తెచ్చుకోవాలో రాతపూర్వకంగా అడగండి. సిటీలో అయితే పోలీస్ కమిషనర్ ఆఫీసు, విజయనగరం, అనకాపల్లి వైపు అయితే కలెక్టర్ ఆఫీసు. జవాబు చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. ఆ తుపాకీని మీ లైసెన్స్‌లో రాయించాల్సి వస్తే ఇంకో లెక్క ఉంది. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, అందులో ఒకటి దీనికి పోతుంది.

విదేశీ వేలంలో చవగ్గా కనిపిస్తుంది, పార్సిల్‌లో తెప్పించుకుందామన్న ఆలోచన మానుకోండి. దిగుమతికి వేరే లైసెన్స్ కావాలి, కస్టమ్స్ దగ్గర ఆగిపోతే డబ్బూ వస్తువూ రెండూ పోతాయి.

ఇక ఎక్కడ దొరుకుతాయంటే, వన్ టౌన్ పాత సామాను కొట్లలో వెతకడం కన్నా లైసెన్స్ ఉన్న తుపాకీ డీలర్లతో పరిచయం పెంచుకోవడం మేలు. తాతల నాటి తుపాకీ లైసెన్స్ పిల్లల పేరు మీదకి మార్చుకోలేక, ఎలా వదిలించుకోవాలో తెలియక ఇబ్బంది పడే కుటుంబాలు ముందు వాళ్ల దగ్గరికే వెళతాయి. కళింగాంధ్రలో జమీందారీలకేం తక్కువ లేదు, మనకది కలిసొచ్చే విషయమే. ఈలోగా బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో పాత ఆయుధాలు చూడండి, హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్‌లో ఆయుధాల గది తీరిగ్గా చూడండి. అసలు పాత ఇనుము ఎలా ఉంటుందో కంటికి అలవాటైతే కొత్తగా తుప్పు పట్టించినది ఇట్టే తెలిసిపోతుంది.

వస్తువు చేతికిస్తే మందు ఉన్నట్టే అనుకుని పట్టుకోండి. నూటయాభై ఏళ్ల కింద దట్టించిన గుండు గదిలో అలాగే ఉండిపోయినవి ఉంటాయి. హ్యామర్ లాగి చూడకండి, ముందు డీలర్ దగ్గరి ఆర్మరర్‌తో, అంటే తుపాకులు బాగుచేసే మనిషితో, ఖాళీ చేయించండి. ఆ తర్వాత భూతద్దం తీయండి. కోల్ట్ అయితే బ్యారెల్ కింద, ఫ్రేమ్ మీద, ట్రిగ్గర్ గార్డు మీద, పిడి అడుగున, సిలిండర్ మీద, చివరికి బ్యారెల్‌ని బిగించే అడ్డచీల మీద కూడా నంబరు ఉంటుంది. అన్నీ కలిస్తే ధర ఒకటి, కలవకపోతే ఇంకొకటి. కోల్ట్ 1851 నేవీ మోడల్ సిలిండర్ చుట్టూ 1843 నాటి ఓడల యుద్ధం చెక్కి ఉంటుంది. అసలుదాంట్లో అది చేతులు తగిలి అక్కడక్కడ అరిగి, గీతల అంచులు మెత్తబడి ఉంటాయి. బొమ్మ అంతా ఒకే లోతున పదునుగా ఉంటే అనుమానించండి. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో తుపాకీని పరీక్షించి కొట్టే ముద్రలో కిరీటం కింద ఒకదానికొకటి అడ్డంగా వేసిన రెండు రాజదండాలుంటాయి, బెల్జియంలోని లీజ్‌లో చేసినవాటికి కోడిగుడ్డు ఆకారంలో ఈ, ఎల్, జీ అక్షరాలు. నక్షత్రం కింద పీ, ఎన్ అని కనిపిస్తే అది ఇటలీలో చేసిన ఈకాలపు నకలు. అది పురాతన వస్తువు కాదు, పైగా పేలుతుంది, కాబట్టి మినహాయింపులేవీ దానికి పనికిరావు.

జేబు సంగతి. పెట్టెతో, మందు డబ్బాతో పూర్తి సెట్ జోలికి మొదట్లో వెళ్లకండి. కోల్ట్‌లోనే కావాలంటే 1849 పాకెట్ మోడల్ చూడండి, మూడు లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి నేవీ అంత ధర పలకదు. లీజ్‌లో చేసిన పేరులేనివి ఇంకా తక్కువకి వస్తాయి. నా మటుకు నాకు ఇంగ్లీషు రివాల్వర్ బ్యూమాంట్ ఆడమ్స్ ఇష్టం, 1856 పేటెంట్, అయిదు గదులు. హ్యామర్ వెనక్కి లాగి ట్రిగ్గర్ నొక్కినా పేలేలా, లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కినా పేలేలా చేసిన తుపాకీ. కలకత్తాలోని పాత తుపాకుల కంపెనీ మాంటన్ పేరు చెక్కినది దొరికితే కాస్త ఎక్కువైనా పెట్టొచ్చు, అది ఈ దేశంలో అమ్ముడైనదని దాని మీదే రాసి ఉన్నట్టు. బేరం ఆడాలంటే పగిలిన పిడి, కలవని నంబర్లు, మళ్లీ రంగేసిన ఒళ్లు, ఇవన్నీ ధర దించే కారణాలే. కాయితాలు లేకపోవడం మాత్రం ధర దించే కారణం కాదు, లేచి వచ్చేయాల్సిన కారణం. డబ్బు కూడేదాకా ఇత్తడి మందు ఫ్లాస్కులు, ఈలీ కంపెనీ ఖాళీ క్యాప్ డబ్బాలు పోగుచేసుకోవచ్చు. డబ్బా మూత తీసి చూసే కొనండి, లోపల క్యాప్‌లు మిగిలి ఉంటే అవి మందుగుండు కిందకే వస్తాయి.

ఇంటికి వచ్చాక మన ఊళ్లో అసలు శత్రువు సముద్రపు గాలి. బీచ్ వైపు గదిలో గోడకి తగిలించకండి. తోలు ఒరలో అస్సలు ఉంచకండి, తోలు తేమ పట్టి ఇనుముని తినేస్తుంది. ఉప్పుకాగితం, బ్రాసో దాని దరిదాపులకి రానీయకండి, ఆ ముదురు గోధుమ రంగు పోతే సగం విలువ పోయినట్టే. కొబ్బరి నూనె వద్దు. చేతికి నూలు తొడుగు వేసుకుని పల్చగా మైక్రోక్రిస్టలైన్ మైనం రాసి, మూత గట్టిగా పట్టే పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి తాళం వేయండి. వానాకాలంలో ఆ పొట్లాలు తరచుగా మారుస్తుండాలి.