అప్పుల మధ్య ఇల్లు మారేటప్పుడు

సేద్యం దెబ్బతినో, వ్యాపారం మూతపడో అనంతపురంలో పెద్ద ఇల్లు వదిలి చిన్న ఇంటికి పోవాల్సి వస్తే, మూటలు కట్టకముందే అందరినీ కూర్చోబెట్టి లెక్క చెప్పండి. కొత్త బాడుగ ఎంత, అడ్వాన్సు ఎంత, నెలనెలా కంతు ఎంత. పదేళ్ల పిల్లలకు కూడా అర్థమవుతుంది. దాచితే సగం సగం విని ఇంకా బెదిరిపోతారు.

ఇల్లు చూసేటప్పుడు నీళ్ల సంగతి ఓనర్ని కాదు, పక్కింటోళ్లను అడగాలి: కొళాయి ఎన్నాళ్లకోసారి, మే నెలలో బోరు పోస్తుందా? టేపు తీసుకెళ్లి తలుపు, మెట్ల మలుపు కొలవండి. ఇనుప బీరువా సుమారు ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉంటుంది. పట్టని సామాను ముందే అమ్మేయాలి. బండి వాకిట్లో పెట్టుకుని బేరమాడితే పాతసామాన్లాయన చెప్పిందే ధర.

కాయితాల సంచి బండెక్కకూడదు, మనిషి చేతిలోనే ఉండాలి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, బంగారం కుదువ రసీదులు. చాలామంది దెబ్బతినేది ఆ బంగారం దగ్గరే. వాయిదా దాటితే వేలం నోటీసు బ్యాంకు పుస్తకాల్లో ఉన్న పాత చిరునామాకే పోతుంది. మీరక్కడ ఉండరు, గడువు దాటిపోతుంది. కాబట్టి మారిన వారంలోపే కొత్త చిరునామా, వాడుకలో ఉన్న ఫోన్ నంబరు రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. వడ్డీ కట్టి తిరగరాయించుకునే వీలుందా అని కూడా అప్పుడే అడగండి.

కిరాణా అంగడి ఖాతా, పాల బాకీ తీర్చి కదలండి. తీరకపోతే మొహం చాటేయకుండా కొత్త ఇల్లెక్కడో చెప్పి, నెలకింతని ఒప్పుకోండి. మీ గురించి ఎవరైనా వాకబు చేస్తే మొదట అడిగేది ఆ అంగట్లోనే.

ఎండాకాలమైతే బండి తెల్లవారి అయిదుకే రావాలి, పదికల్లా సామాన్లు దిగిపోవాలి. గుడ్డలు పెద్ద గోతాల్లో, పుస్తకాలు చిన్న సంచుల్లో కట్టండి. పెద్ద గోతాంలో పుస్తకాలు నింపితే ఎత్తేటప్పుడు కుట్లు తెగుతాయి. మంచం నట్లు, బోల్టులు గుడ్డలో మూటగట్టి ఆ మంచం కోడుకే కట్టేయండి. కూలర్ నీళ్లు ముందురోజే వంపేయాలి. ఫ్రిజ్ నిలువుగానే పోవాలి. పడుకోబెడితే కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి ఎక్కుతుంది. అలా జరిగితే నిలబెట్టి, ఒక పూటంతా వదిలేశాకే స్విచ్ వేయండి. ఊరగాయ జాడీ ఒళ్లోనే నయం.

మొదట దిగాల్సింది చివర ఎక్కించాలి: అవ్వ మంచం, ఆమె మాత్రల డబ్బా, ఫ్యాను, నీళ్ల బిందె, పిల్లల బడి సంచులు. ఆ రోజు పొయ్యి జోలికి పోవద్దు. జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి చాలు.

ఆషాఢంలో మారక తప్పదనుకోండి, మాసం రాకముందే మంచిరోజు చూసి కొత్తింట్లో పాలు పొంగించి వస్తే పెద్దవాళ్ల మనసు కుదుటపడుతుంది. పైగా ఆ నెలలో ఇల్లు మారేవాళ్లు తక్కువ, బండి బాడుగ బేరమాడొచ్చు.

పిల్లలు ఎనిమిదో తరగతి లోపైతే, టీసీ ఆలస్యమైందని సర్కారు బడి చేర్చుకోకుండా ఉండకూడదు. 2009 విద్యాహక్కు చట్టం ఆ మాట చెబుతోంది. హెడ్‌మాస్టరు వెనకాడితే ఆ చట్టం పేరు మర్యాదగానే ఎత్తండి.